అమ్మ గురించి రాస్తున్న పుస్తకంలో సారా గొడవ పెట్టాలా వద్దా? అన్న ఒప్పుకోవడం లేదు

ఉదయగిరి దారి:

అందరికీ నమస్కారం. మా అమ్మ పోయిన నెల వెళ్లిపోయింది. ఎనభై ఎనిమిదేళ్లు. చివరి వారం దాకా తన పనులు తనే చేసుకుంది. "నిండుగా బతికిందమ్మా, ఎవరి చేతా చేయించుకోకుండా పోయింది" అని ఊళ్లో వాళ్లే మమ్మల్ని ఓదార్చారు. సంవత్సరీకానికి ఆమె మీద చిన్న పుస్తకం వేసి బంధువులకీ ఊళ్లో వాళ్లకీ పంచాలని మేం తోబుట్టువులం అనుకున్నాం. రాసే పని నా మీద పడింది. చిక్కు అక్కడే వచ్చింది.

మాది నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతం, కలిగిరి వైపు ఒక పల్లె. వాన పడితేనే పంట. అమ్మ మా చేను చూసుకుంటూనే పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గరికి ఆకు అల్లే పనికి పోయేది. నాయన మంచివాడే, కానీ సాయంత్రమైతే సారా అంగడికి పోకుండా ఉండలేకపోయేవాడు. ఆయన కూలి అక్కడే అయిపోయేది, ఒక్కోసారి అమ్మ కూలి కూడా. 1991లో మా ఊళ్లో రాత్రి బడి పెట్టినప్పుడు అమ్మకు యాభై దాటాయి. ఆ చదువు ముప్పై అయిదేళ్ల లోపు వాళ్ల కోసమని చెప్పారట. "మీ రిజిస్టర్లో నా పేరు పట్టకపోతే రాసుకోవద్దు, పలక మాత్రం ఇవ్వండి" అని పోయి ముందు వరసలో కూర్చుంది. మరుసటి ఏడాది మా జిల్లాలోనే ఉన్న దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించారనే కబురు మా ఊరికి వచ్చింది, అంతే, అమ్మా ఇంకొంతమందీ చీపుర్లూ కారప్పొడీ పట్టుకుని సారా ప్యాకెట్ల జీపుకి అడ్డం పడ్డారు. ప్యాకెట్లు రోడ్డు మీద పోసి తొక్కారు. ఆ రోజు అంగడి ముందు కూర్చున్న మగవాళ్లలో నాయన కూడా ఉన్నాడు. అమ్మ ఆయన్ని చూసి కూడా ఆగలేదు. తాగి వచ్చిన రాత్రి తలుపు గడియ తీయలేదు, అన్నం పెట్టలేదు. ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీకి పిలిస్తే, "సారా మానితే గడియ తీస్తా, ఇందులో పంచాయితీ ఏముంది" అని చెప్పి పనికి వెళ్లిపోయింది.

పుస్తకంలో నాకు ఇదే పెద్ద భాగం. మా అన్న మాత్రం "పోయినాయన్ని మనవళ్ల ముందు తాగుబోతుగా నిలబెడతావా" అని కోప్పడుతున్నాడు. "అనురాగమూర్తి, భర్తకు తగిన ఇల్లాలు, బిడ్డలను ప్రయోజకులను చేసిన మాతృమూర్తి" అని రాసి, ఫోటోలు వేసి ముగించమంటాడు. ఆ మాటలు ఏ తల్లి ఫోటో కింద పెట్టినా సరిపోతాయి కదా, అందులో మా అమ్మ ఎక్కడుంది? నాయన పోయినప్పుడు గాజులు తీయడానికి వచ్చిన ముసలమ్మలతో "ఇవి ఆయన కొనిచ్చిన గాజులా? నా బేరన్ కూలితో కొనుక్కున్నవి, ముట్టుకోవద్దు" అంది అమ్మ. హైదరాబాద్‌లో అన్న ఫ్లాట్‌కి రమ్మంటే, పండక్కి వచ్చి పండక్కి పోతానంది, అలాగే చేసింది. పింఛను ఇచ్చేవాళ్లు మిషన్ తెచ్చి వేలిముద్ర అడిగిన మొదటిసారి ఎంత గొడవ చేసిందో! "సంతకం పెట్టడం కోసం రాత్రుళ్లు కళ్లు పొడుచుకుని నేర్చుకున్నా, మళ్లీ వేలిముద్ర అంటారా" అని. పైగా బేరన్లలో, చేలో అరిగిపోయిన వేళ్లు, మిషన్‌కి ముద్ర పడేది కాదు. చివరికి కంటి మిషన్ పెట్టి తీసుకున్నారు.

ఇలాంటి ఇబ్బంది మీలో ఎవరికైనా వచ్చిందా? రాస్తే ఎలా రాయాలి? అన్నతో గొడవ పడాలని నాకు లేదు, ఆయన మా అందరినీ పెంచినవాడు.

లాంతరు వెలుగు:

అమ్మా, మీ పోస్టు చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. ఆ రోజుల్లో నేను నెల్లూరు జిల్లాలో రాత్రి బడి వాలంటీరుని, డిగ్రీ చదివే కుర్రాణ్ని. మీ అమ్మగారి వయసు ఆడవాళ్లు ప్రతి ఊళ్లోనూ వచ్చి కూర్చునేవాళ్లు. పుస్తకంలో సారా మీద పాఠం ఉండేది, ఆ పాఠం వచ్చిన రాత్రి చదువు సాగేది కాదు. ఒకామె తన ఇంటి సంగతి మొదలుపెడితే, పక్కామె అందుకునేది, లాంతర్లో కిరసనాయిలు అయిపోయినా లేచేవాళ్లు కాదు.

తప్పకుండా రాయండి. ఎందుకంటే ఈ తరం పిల్లలకు ఆ సారా వ్యతిరేక ఉద్యమమంటే దూబగుంట రోశమ్మగారి పేరు ఒక్కటే తెలుసు, అదీ తెలిస్తే. ఆమె ముందు నిలబడింది నిజమే, గొప్ప మనిషి. కానీ వందల ఊళ్లలో పేరు తెలియని ఆడవాళ్లు అదే పని చేశారు కాబట్టే సారా అమ్మే హక్కు కోసం ప్రభుత్వం పెట్టే వేలం పాటలు మళ్లీ మళ్లీ ఆగిపోయాయి. ముందు నెల్లూరు జిల్లాలో సారా ఆపారు, తర్వాత 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆపారు. 1994 ఎన్నికల్లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం హామీ ఇచ్చి గెలిచి, 1995లో అమలు చేశారు. 1997లో దాన్ని ఎత్తేశారు, అది వేరే బాధ. ఈ తేదీలన్నీ ఎక్కడైనా దొరుకుతాయి. తాగే మొగుడు ఎదురుగా కూర్చుని ఉండగా ఒక ఆడమనిషి జీపు ముందు నిలబడడం మాత్రం మీరు రాయకపోతే ఎక్కడా ఉండదు.

ఇంకొక మాట. అప్పట్లో సారా తాగడాన్ని ఒక్క మగవాడి చెడ్డగుణంగా చూస్తే అన్యాయం అవుతుంది. వారుణి వాహిని పేరుతో ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో పోయించి ఊరూరికీ చేర్చింది, ఖజానాకు ఆదాయం కావాలి కాబట్టి. తాగడానికి నీళ్లు లేని ఊరికి కూడా సారా జీపు టైముకు వచ్చేది. ఈ సంగతి నాలుగు లైన్లలో పెడితే, మీ నాయనగారు ఎందులో చిక్కుకున్నారో మనవళ్లకు అర్థమవుతుంది. మీ అన్నగారి భయం కూడా కొంత తగ్గొచ్చు.

అమ్మగారితో పాటు కూర్చున్నవాళ్లు ఊళ్లో ఎవరైనా మిగిలి ఉంటే ఆలస్యం చేయకుండా వెళ్లండి. ఫోన్లో రికార్డ్ చేయండి. ఆ తర్వాత వాళ్లంతా రోజుకో రూపాయి పొదుపు చేసి సంఘాలు పెట్టుకున్నారు, ఆ పొదుపు పుస్తకాలు ఇనప్పెట్టెల్లో ఉంటాయి, అడిగి చూడండి.

పాత పంతులు:

అమ్మాయీ, పెద్దవాణ్ని కాబట్టి చెబుతున్నా, నొచ్చుకోకు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలనేది ఊరికే వచ్చిన మాట కాదు. మీ నాయన ఇప్పుడు లేచి వచ్చి తన వైపు చెప్పుకోలేడు. అమ్మ ధైర్యం గురించి రాయి, రాత్రి బడి గురించి రాయి, గాజుల మాట రాయి, బ్రహ్మాండంగా ఉంది. సారా అంగడి ముందు ఎవరు కూర్చున్నారో పేరు చెప్పి రాయాల్సిన అవసరం ఏముంది? ఊళ్లో మగవాళ్లు అంటే సరిపోతుంది. చదివేవాళ్లలో అర్థమయ్యేవాళ్లకు అర్థమవుతుంది.

కోనసీమ ఆడపడుచు:

మాస్టారి మాట నాకు సగం నచ్చింది. నేను డాలస్‌లో ఉంటాను, మా అమ్మ రాజమండ్రిలో ఎనభై ఆరేళ్ల వయసులో రెండేళ్ల క్రితం పోయింది. మాకూ ఇలాంటి గొడవే, విషయం పొలం. అమ్మకు పసుపు కుంకుమ కింద పుట్టింటి వాళ్లు ఇచ్చిన పొలం ఉండేది. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చిన చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది కదా, కానీ అప్పటికే పెళ్లైపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. అక్కకు అప్పటికే పెళ్లైంది, నాకు కాలేదు. ఒకే ఇంట్లో పుట్టిన ఇద్దరికీ రెండు న్యాయాలేమిటని అమ్మ తన పేరు మీదున్న పొలంలో ఎక్కువ భాగం అక్కకు రాసేసింది, నాన్నను అడగలేదు, అన్నయ్యలను అంతకంటే అడగలేదు. రిజిస్ట్రేషన్ అయ్యాక ఇంటికి వచ్చి కాగితం చూపించి, కాఫీ పెట్టుకుని తాగింది. 2005లో కేంద్రం చట్టం మార్చాక "నేను ముందే చేశాగా" అని ఎంత సంబరపడిందో.

సంస్మరణ సభలో నేను ఇదంతా చెబుతానంటే పెద్దన్నయ్య ససేమిరా అన్నాడు. పరువు కోసం అంటున్నాడనుకుని నేను చాలా మాటలన్నాను, ఫోన్లోనే. తర్వాత వదిన చెప్పింది, ఆ పొలం విషయంలో నాన్న కోపమంతా ఆ రోజుల్లో ఇంట్లో ఉన్న పెద్దన్నయ్య మీదే పడిందని, నెలల తరబడి పడ్డాడని. నేను హాస్టల్లో ఉన్నాను, నాకేం తెలుసు?

అందుకని అడుగుతున్నా. మీ అన్నగారు ఇంటికి పెద్ద కొడుకు కదా? చిన్నప్పుడు నాన్నను సారా అంగడి నుంచి పిలుచుకు రావడానికి ఇంట్లోవాళ్లు ఎవరిని పంపేవారు? నాకు తెలిసిన ప్రతి ఇంట్లో ఆ పని పెద్ద కొడుకుదే. ఆయనకు ఆ సంగతులు మీకంటే ఎక్కువ తెలిసి ఉంటాయి. రాయడం గురించి మాట్లాడకుండా ముందు ఆయన్ని ఊరికే అడిగి చూడండి.

కామారెడ్డి చాట:

అక్కా, మా అమ్మ బీడీలు చేసేది, తొంభై దగ్గరికి వచ్చి పోయింది. తునికాకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బాగా లేవని పక్కకు తీసి కూలి కోసిన రోజు అమ్మ ఆ బీడీల కట్ట పట్టుకుని గుమాస్తా ముందు ఒక్కొక్కటి విప్పి చూపించమని కూర్చునేది. పీఎఫ్ కాగితంలో పేరు తప్పు పడితే ఆఫీసు చుట్టూ తానే తిరిగి సరి చేయించుకున్నది, నన్ను తోడు రానియ్యలేదు.

ఆమె గురించి రాయాలని నేను కూర్చున్నప్పుడు ప్రతి వాక్యం స్కూల్లో వ్యాసం లెక్క వచ్చింది. చివరికి ఆమె మాటలనే పెట్టిన. ఎవరితో ఏం అన్నదో, ఎప్పుడు అన్నదో, తిట్లతో సహా, అంతే. "ధైర్యవంతురాలు" అనే మాట ఒక్కసారి కూడా రాయలే. నువ్వు పైన రాసిన "పలక మాత్రం ఇవ్వండి", "సారా మానితే గడియ తీస్తా" ఇవి చాలు అక్కా. నాయన గురించి నువ్వు తీర్పు చెప్పే పనే ఉండదు, అమ్మ ఆయనతో అన్న మాట ఉంటుంది, ఆయన బదులిచ్చిన మాట ఉంటుంది. ఆయన ఏమన్నడో కూడా రాయి. మానేసిండా లేదా తర్వాత? అది నువ్వు చెప్పనే లేదు.

ఉదయగిరి దారి:

అందరికీ చాలా థ్యాంక్స్. పంతులు గారూ, మీ మాట పట్టించుకోకుండా ఏమీ లేను, రాసేటప్పుడు మీరు గుర్తుంటారు.

కామారెడ్డి తమ్ముడూ, మంచి ప్రశ్న అడిగావు. సారా దొరక్కుండా పోయినప్పుడు నాయన మానేశాడు. 1997 తర్వాత బ్రాందీ షాపులు వచ్చాక అప్పుడప్పుడూ తాగాడు కానీ, తాగిన రోజు ఇంటికి రాకుండా చేలో గుడిసెలో పడుకునేవాడు. అమ్మ పొద్దున్నే సంగటీ పచ్చడీ పట్టుకుని అక్కడికే పోయేది. వాళ్లిద్దరూ అలా ఒక ఒప్పందానికి వచ్చారు. ఇది కూడా రాస్తాను.

కోనసీమ అక్కా, మీరు చెప్పినట్టే నిన్న అన్నకి ఫోన్ చేశాను. నాయన్ని తీసుకురావడానికి నువ్వే కదా పోయేది అని మాత్రం అడిగాను. చాలాసేపు మాట్లాడాడు, నాకు ఒక్క ముక్క కూడా తెలియనివి. అంగడి వాడు అప్పు చిట్టీ అన్న చేతికే ఇచ్చి పంపేవాడట, అమ్మ ఆ చిట్టీ చదవలేక ప్రతిసారీ ఇంకొకరి దగ్గరికి తీసుకుపోయేదట, అందరికీ తెలిసిపోతోందని అన్నకి సిగ్గుగా ఉండేదట. రాత్రి బడికి అమ్మ అంత పట్టుబట్టి పోయింది ఆ చిట్టీ కోసమేనని అన్న అంటున్నాడు. ఇంతకాలం మేమంతా బస్సు బోర్డులు చదవడానికి అనుకున్నాం, అమ్మ కూడా అడిగితే అదే చెప్పేది.

అయినా పుస్తకం విషయంలో అన్న పూర్తిగా ఒప్పుకోలేదు. చిట్టీ సంగతి తనే రాసిస్తానన్నాడు, జీపు రోజు నాయన అక్కడ ఉన్నాడన్న మాట దగ్గర మాత్రం ఇంకా పట్టుగానే ఉన్నాడు. రాసిన కాగితాలు ముందు తనకి చూపించమన్నాడు, చూపిస్తాను.

లాంతరు వెలుగు గారూ, అమ్మతో పాటు జీపుకి అడ్డం పడ్డవాళ్లలో ఇద్దరున్నారు, వచ్చే ఆదివారం పోతున్నాను. వాళ్లు రాత్రి బడిలో నేర్చుకున్న చదువుతోనే పుస్తకం చదవాలి, చూపు కూడా తగ్గింది, కాబట్టి అక్షరాలు బాగా పెద్దగా, ఒత్తులు విడిగా కనిపించేలా వేయించాలి. నెల్లూరులో గానీ కావలిలో గానీ తక్కువ కాపీలకు అలా వేసిచ్చే ప్రెస్సు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

లాంతరు వెలుగు:

పద్దెనిమిది పాయింటు సైజు అడగండి, లైన్ల మధ్య చోటు కూడా ఎక్కువ పెట్టమనండి. తెల్లగా మెరిసే కాగితం వద్దు, కళ్లకు కొడుతుంది. మా రోజుల్లో రాత్రి బడి పుస్తకాలు వేసిన ఒకాయన నెల్లూరులోనే ఉన్నారు, ఆయన్ని అడిగి మీకు విడిగా మెసేజ్ పెడతాను.