టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోతోంది: ఇంజిన్ వేడెక్కుతోందా, మీటరే తప్పు చూపిస్తోందా?

పాతబండి_2004:
అందరికీ నమస్కారం. నాది 2004 మోడల్ పెట్రోల్ కారు. వారం రోజులుగా టెంపరేచర్ ముల్లు ప్రశాంతంగా ఉండనివ్వడం లేదు. స్టార్ట్ చేశాక మామూలుగానే పెరిగి సగం దగ్గర ఆగుతుంది. తర్వాత ఉన్నట్టుండి ఎర్ర గీత దాకా లేస్తుంది, కాసేపటికి దిగుతుంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తితే ఆవిరి లేదు, కూలెంట్ పొంగడం లేదు, వాసనా లేదు. మెకానిక్ సెన్సర్ మార్చారు, తేడా ఏమీ లేదు. ఇప్పుడు రేడియేటర్ మార్చాలంటున్నారు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని దూరం వెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది. ఎవరికైనా ఇలా జరిగిందా?

నట్టుబోల్టు:
రేడియేటర్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. వేడి నిజమా కాదా అన్నది ముందు తేలాలి. లోపల కొన్ని లీటర్ల కూలెంట్ తిరుగుతూ ఉంటుంది. అంత ద్రవం ఒక్క క్షణంలో కాగదు, ఒక్క క్షణంలో చల్లారదు. ముల్లు నిమిషాల మీద మెల్లగా పాకితే వేడిని అనుమానించాలి. టక్కున లేచి టక్కున పడితే చాలాసార్లు అది వైరింగ్ సంగతే. మీకు ఎలా ఉంది?

పాతబండి_2004:
టక్కునే అండీ. ఎక్కువగా రాత్రిపూట.

మూడోగేర్:
అన్నా, నట్టుబోల్టు గారి మాట నిజమే కానీ దానికి ఒక మినహాయింపు ఉంది. అది తెలియక నేను ఇంజిన్ పాడు చేసుకున్నాను. నా బండిలోనూ ముల్లు ఇలాగే లేస్తూ పడుతూ ఉండేది. సెన్సర్ పోయిందనుకుని నెల రోజులు అలాగే నడిపాను. అసలు జరిగిందేమిటంటే, కూలెంట్ కారిపోయి లోపల గాలి చేరింది. సెన్సర్ కొన కూలెంట్‌లో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. ఆవిరి తగిలితే ఒక్కసారిగా లేస్తుంది. చుట్టూ గాలే ఉంటే ఇంజిన్ కాలిపోతున్నా చల్లగా ఉన్నట్టు చూపిస్తుంది. ఆఖరి రోజు ముల్లు అడుగున ఉంది, అంతా బాగుందనుకున్నాను. ఇంజిన్ లాగడం మానేశాకే విషయం తెలిసింది. హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాక్‌కీ మధ్య ఉండే సీలు) పోయింది, హెడ్ వంగింది. అందుకే ఎర్ర గీత కంటే, నడుస్తూ నడుస్తూ హఠాత్తుగా అడుగుకు పడిపోయే ముల్లంటేనే నాకు ఎక్కువ భయం.

రేపు పొద్దున, రాత్రంతా ఆగి ఉన్న బండికి రేడియేటర్ మూత తీసి అంచు దాకా ఉందో లేదో చూడండి. పక్కన ప్లాస్టిక్ డబ్బాలో ఉంది కదా అని వదిలేయొద్దు. మూత వాల్వ్ పాడైతే డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ వెలితిగానే ఉంటుంది. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. లోపల ఒత్తిడి ఉంటుంది కాబట్టి 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తిప్పగానే ఒక్కసారిగా మరిగి మీద పడుతుంది.

ఓబీడీ_చూద్దాం:
ఇంకో సాక్షిని పెట్టుకోండి. బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారు కంప్యూటర్‌లోని రీడింగులను ఫోన్‌కి పంపే చిన్న పరికరం) ఉంటే ఫోన్‌లోనే కూలెంట్ టెంపరేచర్ డిగ్రీల్లో కనిపిస్తుంది. ఆ కాలపు చాలా కార్లలో సెన్సర్లు రెండు: ఒకే వైరు ఉన్నది మీటర్ ముల్లుకి, రెండు వైర్లున్నది ఇంజిన్ కంప్యూటర్‌కి. ఫోన్‌లో 90 దగ్గర నిలకడగా ఉండి ముల్లు ఎర్రలో ఉంటే వేడి లేనట్టే. రెండూ కలిసి పెరిగితే వెంటనే ఆపేయండి.

ఒకే వైరు సెన్సర్ అయితే చాలా పాత బండ్లలో ఈ పరీక్ష పనిచేస్తుంది. ఇగ్నిషన్ ఆన్ చేసి ఆ వైరు ఊడదీస్తే ముల్లు చల్లని వైపుకి పడాలి, ఇంజిన్ లోహానికి ఒక్క క్షణం తాకిస్తే పైకి లేవాలి. రెండు వైర్ల సెన్సర్ మీద ఇది చేయకండి.

పాతబండి_2004:
చూశాను. రేడియేటర్ అంచు దాకా నిండుగా ఉంది. సాయంత్రం అడాప్టర్ పెట్టి నడిపాను. ముల్లు ఎర్రలో ఉన్నప్పుడు కూడా ఫోన్‌లో 91 కదల్లేదు! తీసేసిన పాత సెన్సర్‌ను వేడినీళ్లలో పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే, వేడి పెరిగేకొద్దీ ఓమ్‌లు తగ్గుతూ వచ్చాయి. అంటే అది బాగానే ఉంది. ఇంకొకటి గమనించాను. హెడ్‌లైట్ వేయగానే ముల్లు లేస్తోంది, దాంతోపాటు పెట్రోల్ ముల్లు కూడా కొంచెం లేస్తోంది.

నట్టుబోల్టు:
దొరికింది. రెండు మీటర్లు ఒకేసారి తప్పు చెబుతున్నాయంటే తప్పు సెన్సర్లలో కాదు, వాటి ఉమ్మడి దారిలో ఉంది. లైట్ వేసినప్పుడు పెరుగుతోందంటే నా అనుమానం ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి) మీదే. డాష్‌బోర్డ్ కింద ఎర్త్ వైర్లు బిగించిన బోల్టు వెతకండి. లైట్లు వేసి, మల్టీమీటర్ ఒక కొన మీటర్ బోర్డు ఎర్త్ వైరుకి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టండి. దాదాపు సున్నా వోల్టులు రావాలి. ఇంజిన్ నుంచి బాడీకి వచ్చే ఎర్త్ పట్టీ కూడా చూడండి.

దూరప్రయాణం:
ఇది చదివేవాళ్లలో ఎవరికైనా వేడి నిజమని తేలితే, ఎప్పుడు వేడెక్కుతోందో గమనించండి. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడు పెరిగి, కదలగానే తగ్గితే ముందు ఫ్యాన్, దాని రిలే, ఫ్యూజ్ చూడాలి. స్పీడ్‌లో పెరిగితే రేడియేటర్ పూడిక, సరిగ్గా తెరుచుకోని థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్‌కి దారి తెరిచే వాల్వ్), వాటర్ పంప్ చూడాలి. ముల్లు పైన ఉండగా హీటర్ నుంచి చల్లగాలి వస్తే కూలెంట్ తగ్గినట్టో తిరగనట్టో అనుకోవాలి. డబ్బాలో ఆగకుండా బుడగలు, పొగగొట్టం నుంచి తీపి వాసనతో తెల్లపొగ ఉంటే హెడ్ గాస్కెట్ పరీక్ష చేయించండి, ఇక నడపొద్దు.

పాతబండి_2004:
డాష్‌బోర్డ్ కింద ఎడమ పక్కన బోల్టు తుప్పు పట్టి ఉంది. లైట్లు వేసి కొలిస్తే 0.9 వోల్టులు. విప్పి, గీకి, లోహం మెరిశాక బిగించాను. ఇప్పుడు 0.04. మూడు రోజులుగా రాత్రి కూడా ముల్లు సగం దాటలేదు. రేడియేటర్ కొనలేదు. మీ అందరి వల్లే.

మూడోగేర్:
చాలా సంతోషం అన్నా. ఏసీ ఆపి, బండి నిలబెట్టి ఇంజిన్ ఆన్‌లో ఉంచి ఫ్యాన్ కూడా ఒకసారి చూశారా?

పాతబండి_2004:
ఇప్పుడే చూసి వచ్చాను. ఫోన్‌లో 97 రాగానే ఫ్యాన్ తిరిగింది, 92కి ఆగింది. రెండోసారి కూడా అంతే.