పోలీసులపై జనం అభిప్రాయం మీద సర్వే: ప్రశ్నలు ఎలా అడగాలి?

ప్రశ్న (సోషియాలజీ పీజీ విద్యార్థిని)

అందరికీ నమస్కారం. చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి పోలీసుల పనితీరు, వాళ్ల మీద జనానికి ఉన్న అభిప్రాయం అనే అంశం తీసుకున్నాను. ప్రశ్నావళి తయారుచేసి, అసలు సర్వేకి ముందు కొంతమందికి ఇచ్చి చూశాను. "మీకు పోలీసుల మీద నమ్మకం ఉందా?" అన్న ప్రశ్నకి చాలామంది "పర్వాలేదు" దగ్గర టిక్కు పెట్టేశారు. ఫారం పక్కన పెట్టి మామూలుగా మాట్లాడితే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కో కథ చెబుతున్నారు. ఒకావిడ "పర్వాలేదు" అని రాసి, ఫిర్యాదు ఇవ్వడానికి వెళ్తే కూర్చోమనైనా అనకుండా సాయంత్రం దాకా నిలబెట్టారని చెప్పింది. ఇదంతా నా ఫారంలోకి ఎందుకు రావడం లేదు? ఇంకో సందేహం కూడా ఉంది. "గస్తీ పెరిగితే నమ్మకం పెరుగుతుంది" అని పరికల్పన (సర్వేతో పరీక్షించాల్సిన ఊహ) రాసుకున్నాను, అది నిలబడుతుందా? జనం ఎలాగూ స్టేషన్ దగ్గర దొరుకుతారు కదా, అక్కడే నిలబడి ఫారాలు నింపించుకోవచ్చా?

జవాబు (సర్వే పద్ధతులు బోధించే అధ్యాపకుడు)

ఆ "పర్వాలేదు" జనం తప్పు కాదు, ప్రశ్నదే లోపం. పోలీసుల మీద నమ్మకం ఒకే మాటలా కనిపిస్తుంది కానీ అందులో నాలుగైదు విషయాలున్నాయి. ఫోన్ చేస్తే వస్తారా? కేసు తేల్చే సామర్థ్యం ఉందా? డబ్బుకి లొంగుతారా? నాలాంటి మనిషిని మర్యాదగా చూస్తారా? వాళ్లు చెప్పింది వినాల్సిన బాధ్యత నాకుందని అనుకుంటున్నానా? ఒకే మనిషి మొదటిదానికి "తప్పకుండా వస్తారు" అనీ, నాలుగోదానికి "అస్సలు చూడరు" అనీ చెప్పవచ్చు. రెండూ కలిపి అడిగితే మధ్యలో ఉన్న గడిలో టిక్కు పడుతుంది.

ఈ రంగంలో మీరు ముందు చదవాల్సింది అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త టామ్ టైలర్ పని. 1984లో చికాగోలో 1,575 మందిని ఫోన్‌లో ఇంటర్వ్యూ చేశారు. వాళ్లలో కొంతమందితో తర్వాత మళ్లీ మాట్లాడారు. 1990లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశోధనలో తేలిందేమిటంటే, పోలీసుల దగ్గరా కోర్టు దగ్గరా తమకు అనుకూలంగా జరిగిందా లేదా అన్నదానికంటే, తమతో న్యాయంగా వ్యవహరించారా లేదా అన్నదే జనం అభిప్రాయాన్ని ఎక్కువగా నిర్ణయిస్తుంది. జరిమానా పడ్డ మనిషి కూడా "నా మాట విన్నాడు, ఎందుకు వేస్తున్నాడో చెప్పాడు" అనుకుంటే పోలీసు అధికారాన్ని ఒప్పుకుంటాడు. దీన్ని ప్రక్రియా న్యాయం అంటున్నారు. చెప్పుకోనివ్వడం, పక్షపాతం లేకపోవడం, గౌరవంగా మాట్లాడటం, ఉద్దేశం మంచిదేనన్న భరోసా కలిగించడం, ఈ నాలుగూ అందులో ముఖ్యం.

కాబట్టి అభిప్రాయాన్ని అడిగే ముందు అనుభవాన్ని అడగండి. గత పన్నెండు నెలల్లో ఏ కారణంతోనైనా పోలీసులతో మాట్లాడారా? మీరు వాళ్లను పిలిచారా, వాళ్లే మిమ్మల్ని ఆపారా? ఈ తేడా తప్పకుండా ఉండాలి. సాయం కోసం వెళ్లినవాళ్లనీ దారిలో ఆపేసినవాళ్లనీ ఒకే లెక్కలో కలిపితే ఏమీ అర్థం కాదు. ఆ తర్వాత చివరిసారి జరిగిన ఒక్క సంఘటన గురించే అడగండి: మీ మాట పూర్తిగా చెప్పుకోనిచ్చారా? ఏం చేస్తున్నారో, ఎందుకో వివరించారా? మీరు చెప్పిన ఆవిడ అనుభవం ఇక్కడ దానంతట అదే ఫారంలోకి వస్తుంది.

పోలీసులతో ఎప్పుడూ పని పడనివాళ్లను వదిలేయకండి. వాళ్ల అభిప్రాయం ఇంట్లోవాళ్లో, ఇరుగుపొరుగో, ఫోన్‌లో చూసిన వీడియోలో ఏర్పరచినది. దానికి విడిగా ఒక ప్రశ్న పెట్టండి.

విద్యార్థిని

చాలా థ్యాంక్స్ సార్. ఒక చెడ్డ అనుభవం ఒక మంచి అనుభవంతో కొట్టుకుపోతుందని అనుకుని సగటు తీయొచ్చా? గస్తీ సంగతి కూడా చెప్పండి, దాని మీదే టెన్షన్‌గా ఉంది.

జవాబు (అధ్యాపకుడు)

సగటు తీయకండి. పోలీసు వ్యవస్థ మీద పరిశోధన చేసిన వెస్లీ స్కోగన్ 2006లో సరిగ్గా ఈ ప్రశ్న మీదే వ్యాసం రాశారు. చెడ్డ అనుభవం పోలీసుల మీద అభిప్రాయాన్ని కిందకి లాగే బలం, మంచి అనుభవం పైకి లేపే బలానికి నాలుగు నుంచి పద్నాలుగు రెట్లు ఉందని ఆయన లెక్క. మంచి అనుభవం ప్రభావమైతే దాదాపు కనిపించనే లేదు. అందుకే మంచినీ చెడునీ రెండు వేర్వేరు అంశాలుగా కోడ్ చేయాలి, అంటే విడివిడిగా లెక్కలోకి తీసుకోవాలి.

ఇక గస్తీ. మీ పరికల్పనని ఇంచుమించు ఇలాగే పరీక్షించిన ప్రయోగం ఒకటుంది, ఈ రంగంలో అందరూ అక్కడి నుంచే మొదలుపెడతారు. అమెరికాలోని కాన్సస్ సిటీలో 1972 అక్టోబరు నుంచి ఏడాదిపాటు 15 బీట్లను (గస్తీ ప్రాంతాలను) మూడు గుంపులు చేశారు. ఒకచోట మామూలు గస్తీ పూర్తిగా ఆపేసి, ఎవరైనా పిలిస్తేనే కారు వెళ్లింది. ఇంకోచోట గస్తీ రెండు మూడు రెట్లు పెంచారు. మూడోచోట ఎప్పటిలాగే ఉంచారు. నేరాల్లో గానీ, జనం భయంలో గానీ, పోలీసుల పట్ల సంతృప్తిలో గానీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. జనానికి ఆ మార్పు తెలియనే లేదు. కారు అద్దం వెనక కూర్చుని వెళ్లిపోయే మనిషి ఒకసారి వెళ్లాడో మూడుసార్లు వెళ్లాడో ఎవరు లెక్కపెడతారు?

1978-79లో అమెరికాలోనే న్యూవార్క్‌లో నడక గస్తీతో ఇలాంటి ప్రయోగమే చేశారు. నేరాలు తగ్గలేదు. అయినా అక్కడి జనానికి భయం తగ్గింది, పోలీసుల మీద అభిప్రాయం మెరుగుపడింది. ఎందుకంటే ఆ మనిషి వాళ్ల కళ్లకి కనిపించాడు, పలకరించాడు. దీనికి భిన్నంగా 2009 వేసవిలో ఫిలడెల్ఫియాలో హింస బాగా ఎక్కువగా ఉన్న 60 చిన్న చిన్న ప్రాంతాలు ఎంచుకుని అక్కడే నడక గస్తీ పెట్టారు. పన్నెండు వారాల తర్వాత, గస్తీ పెట్టని అలాంటి ప్రాంతాలతో పోలిస్తే హింసాత్మక నేరాలు 23 శాతం తగ్గాయి.

కాబట్టి "గస్తీ పెరిగితే" అని ఊరుకోకండి. ఏ రకం గస్తీ, ఎక్కడ, జనం దాన్ని చూశారా లేదా అని విడగొట్టండి. నేరాలు తగ్గడం వేరు, భయం తగ్గడం వేరు, నమ్మకం పెరగడం వేరు. మూడూ ఎప్పుడూ కలిసి నడవవు. నన్నడిగితే మీ ప్రాజెక్టులో అసలైన విషయం ఇదే.

జవాబు (రిటైర్డ్ పోలీసు అధికారిణి)

అమ్మా, లోపలి వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. మొదటిది, స్టేషన్ దగ్గర నిలబడి సర్వే చేయొద్దు. అక్కడికొచ్చేవాళ్లు ఏదో ఆపదలో వస్తారు. గుమ్మంలో యూనిఫాం కనబడుతుంటే ఎవరూ నిజం రాయరు. సిబ్బంది చేత ఫారాలు పంచిస్తామని ఎవరైనా సాయం చేయబోయినా మర్యాదగా వద్దనండి. ఇళ్ల దగ్గర, ఎవరూ వినని చోట అడగండి. పేరు, ఫోన్ నంబరు రాసుకోవద్దు. ఆడవాళ్లని అడిగేటప్పుడు ఇంట్లోవాళ్లు పక్కన లేకుండా చూసుకో. కొట్టారనో, వేధించారనో ఎవరైనా చెప్పడం మొదలుపెడితే తవ్వి తవ్వి అడగొద్దు. ఉచిత న్యాయ సాయం ఎక్కడ దొరుకుతుందో రాసిన కాగితం దగ్గర పెట్టుకుని, అది చేతిలో పెట్టు.

రెండోది, రికార్డులు చూసేటప్పుడు జాగ్రత్త. ఒక స్టేషన్లో నమోదైన నేరాలు పెరిగాయంటే నేరాలే పెరిగాయని అనుకోకు. వచ్చిన ప్రతి ఫిర్యాదునీ తీసుకునే అధికారి వచ్చినా ఆ సంఖ్య పెరుగుతుంది. జనానికి ధైర్యం వచ్చి చెప్పుకోవడం మొదలుపెట్టినా పెరుగుతుంది. నా ఉద్యోగంలో నాకు బాధ కలిగించిన సంగతి ఇదే: ఎన్ని కేసులు, ఎన్ని జరిమానాలు అనడిగే గడులు నివేదికలో ఉండేవి, వచ్చిన మనిషిని కూర్చోబెట్టి మాట్లాడామా అనే గడి ఉండేది కాదు. మీలాంటివాళ్లు అది కొలిచి చూపిస్తే లోపలివాళ్లకీ మంచిదే.

పనితీరుని నేరుగా కొలిచిన పరిశోధనలూ ఉన్నాయి. 2005-08 మధ్య రాజస్థాన్‌లో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అక్కడి పోలీసులతో కలిసి 162 స్టేషన్లలో కొన్ని సంస్కరణలు ప్రయోగించి చూసింది. మనుషుల్ని మామూలు ఫిర్యాదుదారుల్లా పంపి, ఫిర్యాదు తీసుకుంటున్నారో లేదో కూడా చూశారు. సిబ్బందికి శిక్షణ, బదిలీలు ఆపడం, ఈ రెండూ ఫలితం ఇచ్చాయి. వారానికో సెలవు, డ్యూటీ మార్పిడి, స్టేషన్లో పౌర పరిశీలకులు లాంటివి అమలు దగ్గరే నీరుగారిపోయాయి. దొంగ ఫిర్యాదులు పంపే పని మాత్రం నువ్వు చేయొద్దు, అది శాఖ అనుమతితో చేసినది.

జవాబు (ఇదే అంశంపై పీహెచ్‌డీ చేస్తున్న వ్యక్తి)

మర్యాదగా మాట్లాడితే నమ్మకం వచ్చేస్తుందని తేలిపోయినట్టు రాయకండి, వైవాలో ఇబ్బంది పడతారు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో వాహనదారులకి మద్యం పరీక్ష చేసే చోట పోలీసులకి ఏం చెప్పాలో ముందే రాసిచ్చారు: ఎందుకు ఆపామో వివరించడం, వాళ్ల అభిప్రాయం అడగడం, ధన్యవాదాలు చెప్పడం. జనం అభిప్రాయం మెరుగైంది. దాదాపు అదే పద్ధతి స్కాట్లాండ్‌లో రోడ్డు తనిఖీల్లో పెడితే ఫలితం తిరగబడింది, నమ్మకం కాస్త తగ్గింది. తర్వాత ఆ పరిశోధకులే తవ్వి చూస్తే, పైనుంచి రుద్దిన పని అని సిబ్బంది అనుకోవడం, తమ సంస్థే తమతో న్యాయంగా లేదన్న అసంతృప్తి బయటపడ్డాయి. అందుకే వీలైతే పోలీసులను కూడా అడగండి: మీ పై అధికారులు మీ మాట వింటారా?

2021లో బ్రెజిల్, కొలంబియా, లైబీరియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్, ఉగాండాల్లో ఒకేసారి కమ్యూనిటీ పోలీసింగ్‌ని (జనంతో సమావేశాలు పెట్టి, వాళ్లతో కలిసి పనిచేసే పోలీసు పద్ధతిని) పరీక్షించిన పెద్ద పరిశోధన వచ్చింది. నమ్మకం పెరగలేదు, నేరాలూ తగ్గలేదు. సమావేశాలు పెడితే చాలదు, అక్కడ జనం చెప్పిన సమస్య మీద ఏదో ఒకటి జరగాలి.

ఇంకొక చిక్కు. మొదటినుంచీ పోలీసులంటే పడనివాడికి మామూలు మాట కూడా కటువుగానే వినిపించవచ్చు. ఒక్కసారి చేసిన సర్వేలో ఏది ముందో ఏది వెనకో చెప్పలేం. "సంబంధం కనిపించింది" అనండి, "కారణం" అనకండి. అలాగని జనం చెప్పేదంతా ఊహ అనీ కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికాలోని ఓక్లాండ్ పోలీసుల బాడీ కెమెరాల్లో రికార్డయిన 981 వాహన తనిఖీల్లోని మాటలను విశ్లేషించారు. తెల్లవాళ్లతో పోలిస్తే నల్లజాతివాళ్లతో తక్కువ గౌరవంగా మాట్లాడుతున్నారని ఆ మాటల్లోనే తేలింది.

విద్యార్థిని

అందరి మాటలూ రాసుకున్నాను. మేడమ్, స్టేషన్ ఆలోచన వదిలేశాను, ఇళ్లకే వెళ్తాను. పరికల్పన ఇలా మార్చాను: "పోలీసులను నడిచి వెళ్తుండగా చూసినవారిలో భయం తక్కువగా ఉంటుంది, నమ్మకం మాత్రం గస్తీ కంటే చివరి అనుభవంతో ఎక్కువ ముడిపడి ఉంటుంది." అనుభవం భాగంలో ఒక ప్రశ్న చూడండి: "పోలీసులు మీతో మర్యాదగా, నిష్పక్షపాతంగా ప్రవర్తించారా?"

జవాబు (అధ్యాపకుడు)

పరికల్పన బాగుంది, "భయం" కూడా ఒక్క ప్రశ్నతో సరిపెట్టకుండా రాత్రి ఒంటరిగా నడవడం లాంటి పరిస్థితితో అడగండి. మర్యాద, నిష్పక్షపాతం గురించిన మీ ప్రశ్నని మాత్రం రెండుగా విడగొట్టాలి. మర్యాదగా మాట్లాడుతూనే పక్షపాతం చూపినవాళ్లుంటారు, అప్పుడు జవాబిచ్చేవాళ్లు దేనికి టిక్కు పెట్టాలి? "నిష్పక్షపాతం" అనే మాట కూడా తీసేసి, "మీ స్థానంలో వేరేవాళ్లు ఉన్నా ఇలాగే చూసేవారని అనుకుంటున్నారా?" అని అడగండి. చదువుకోనివాళ్లకి పైకి చదివి వినిపించినా అర్థమవుతుంది. మార్చాక మళ్లీ కొద్దిమందికి ఇచ్చి, ప్రతి ప్రశ్న తర్వాతా "మీకు ఏం అర్థమైంది?" అని అడిగి రాసుకోండి. అది అయ్యాకే అసలు సర్వే మొదలుపెట్టండి.