థర్మల్‌లో రెండు గ్లైడర్లు గుద్దుకున్నాయి, తప్పు నాదేనా?

ప్రశ్న:
నిన్న సాయంత్రం రిమోట్‌తో ఎగరేసే నా రెండు మీటర్ల రెక్కల గ్లైడరూ నా స్నేహితుడిదీ గాల్లో ఢీకొన్నాయి. అతను ముందే థర్మల్ (పైకి లేచే వేడిగాలి) పట్టుకుని ఎడమ చుట్టు తిరుగుతున్నాడు. నేను తర్వాత వచ్చి, నాకు అలవాటైన కుడి చుట్టే మొదలుపెట్టాను. అతనిది నా దానికి బాగా వెనక ఉందనే అనుకున్నాను. ముందు అతని తోక విడిపోవడం కనిపించింది, అర సెకను తర్వాత ‘టప్’మని వినిపించింది. అంటే అప్పటికి దాదాపు 170 మీటర్ల దూరంలో ఉన్నాయి. అతనిది దొర్లుకుంటూ కింద పడింది. నాది దిగింది. ఎడమ రెక్క ముందు అంచున నాలుగు సెంటీమీటర్ల చీలిక తప్ప పైకి ఏమీ లేదు. అతను ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధగా ఉంది. తప్పు నాదేనా? ఈ రెక్కకు ఎపాక్సీ జిగురు పెట్టి మళ్లీ ఎగరేయొచ్చా?

జవాబు 1:
ఒకసారి రిసీవర్ చూసుకోండి. సిగ్నల్ పోయినా ఇలాగే అవుతుంది.

జవాబు 2:
ఇది సిగ్నల్ సంగతి కాదు. ఛానల్ కోసం రేడియోలో క్రిస్టళ్లు మార్చుకునే 35, 72 మెగాహెర్ట్జ్ రోజుల్లో ఒకరి ఛానల్ మీద ఇంకొకరు స్విచ్ వేస్తే గ్లైడర్ కూలేది. 2.4 గిగాహెర్ట్జ్ వచ్చాక ఆ బాధ దాదాపు తీరింది. కానీ ఒకేసారి ఎక్కువ మందిమి ఎగరేస్తున్నాం.

మీరు ‘వెనక ఉందనుకున్నాను’ అన్నారు చూడండి, అసలు విషయం అక్కడే ఉంది. మన రెండు కళ్ల మధ్య ఎడం ఆరు సెంటీమీటర్ల పైచిలుకు. అంత చిన్న ఎడంతో 170 మీటర్ల అవతల ఏది ముందో ఏది వెనకో పట్టుకోలేం. రెక్క ఎంత కనబడుతోందో దాన్నిబట్టి దూరం ఊహిస్తాం. సైజులు వేరైతే ఆ ఊహ కూడా తప్పుతుంది. నేను ఒక గ్లైడర్‌ని సరిగ్గా ఇలాగే పోగొట్టుకున్నాను. నాది మూడు మీటర్లది, అవతలిది చేత్తో విసిరే మీటరున్నరది. చిన్నగా కనబడుతోంది కాబట్టి దూరంగా ఉందనుకున్నాను. అది నా బూమ్‌ను (రెక్కను తోకతో కలిపే గొట్టాన్ని) మధ్యకు విరిచింది. రెండు చలికాలాలు కూర్చుని కట్టుకున్న గ్లైడర్ అది, ఇప్పటికీ దాని రెక్కలు పారేయలేదు.

అందుకే చుట్టు మీద ఆధారపడాలి. థర్మల్‌లోకి ముందు చేరినవాళ్లు ఎటు తిరిగితే, తర్వాత వచ్చేవాళ్లంతా అటే. సెకనుకు 10 మీటర్ల వేగంతో, 40 డిగ్రీలు వాల్చి తిరిగితే చుట్టు వ్యాసార్థం సుమారు 12 మీటర్లు, ఒక చుట్టుకు ఏడున్నర సెకన్లు. ఒకే చుట్టులో ఎదురెదురుగా తిరిగితే నాలుగు సెకన్లకోసారి ఎదురుపడతారు, అదీ సెకనుకు 20 మీటర్ల వేగంతో. ఒకే వైపు తిరిగితే ఒకరి వెనక ఒకరు, దగ్గరైనా నెమ్మదిగానే అవుతారు. కాబట్టి తప్పు మీదేనండీ. ఈ మాట మీకు ముందే చెప్పనివాళ్ల తప్పు కూడా.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడండి. ‘ఎడమ చుట్టు’, ‘నీకు పైనుంచి వస్తున్నా’ అని గట్టిగా చెప్పుకోండి. మొహమాటం వద్దు.

రెక్క సంగతి: చీలిక చుట్టూ నాణెంతో తట్టండి. శబ్దం మొద్దుబారిన చోట లోపల పొర ఊడిందని అర్థం. రెండు కొనలూ పట్టుకుని మెల్లగా వంచండి. చిటపటమంటే స్పార్ (రెక్క లోపలి ప్రధాన కడ్డీ) పోయినట్టే, ఇక ఎగరేయొద్దు. సర్వోలను (తోక, రెక్కల పలకలు కదిపే చిన్న మోటార్లను) చేత్తో కదిపి గేరు పళ్లు చూడండి. లైపో బ్యాటరీ ఉబ్బినా, నొక్కుకున్నా మళ్లీ ఛార్జ్ చేయకండి, దెబ్బ తిన్న లైపో ఆలస్యంగా కూడా అంటుకుంటుంది.

జవాబు 3:
నేను కొండ వాలు మీద ఎగరేస్తాను. అక్కడ మలుపు ఎప్పుడూ కొండకు దూరంగానే తిప్పాలి. ఎదురెదురుగా వస్తే, కొండ కుడివైపున ఉన్నవాడికి దారి వదలాలి, అతనికి కుడికి తప్పుకునే చోటు లేదు కాబట్టి. పైన చెప్పిన మీటరున్నర గ్లైడర్ల పోటీ ఎఫ్‌3కెలో అయితే, గాల్లో గుద్దుకున్నా మళ్లీ ఎగరేసే అవకాశం ఇవ్వరు, శిక్షా వేయరు. ఎవరి నష్టం వారిదే.

ప్రశ్న అడిగినవారు:
నాణెంతో తట్టాను. చీలిక నుంచి రెండు వేళ్ల దూరం దాకా శబ్దం మొద్దుగా ఉంది. పైన అతికించిన ఫిల్మ్ ఒలిచి చూస్తే బాల్సా చెక్క పొర స్పార్ మీద నుంచి లేచింది, స్పార్ మాత్రం బాగానే ఉంది. స్నేహితుడికి ఫోన్ చేసి, తప్పు నాదని చెప్పాను. ‘నేను కూడా ఎడమ చుట్టని అరవాల్సింది’ అన్నాడు. ఆదివారం రెండూ ముందేసుకుని కూర్చుంటున్నాం. అతని కార్బన్ బూమ్ రెక్కకు ఒక జానెడు వెనక విరిగింది. లోపల గొట్టం దూర్చి అతికిస్తే, విరిగిన చోటుకు అటూ ఇటూ ఎంత పొడవు ఉండాలి?