అప్‌డేట్: కాశిమేడు బోటులో వేళ్లు పోయిన మా బావ కేసు

2023లో ఇక్కడ అడిగాను. చెన్నైలోని కాశిమేడు చేపల రేవు నుంచి వేటకెళ్లిన బోటులో వించ్ (తాడు లాగే యంత్రం) తాడుకు చిక్కి మా బావకు ఒక చేతి వేళ్లు రెండు పోయాయి. ఓనరు నలభై వేలిచ్చి, ఇక ఏమీ అడగనని సంతకం పెట్టమంటున్నాడు, పెట్టాలా అని.

మీ జవాబులు వచ్చేలోపే పెట్టేశాడండీ! టెన్షనంతా అదే. కానీ 2025 నవంబరు వరకు అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద అలా హక్కు వదులుకున్న కాగితం చెల్లేది కాదట. ప్రమాదం జరిగాక రెండేళ్ల గడువు దాటకుండా లేబర్ కమిషనర్ దగ్గర కేసు వేశాం.

అసలు గొడవ ఇంకోటి. "వాడు కూలీ కాదు, వేటలో వాటాదారు" అన్నాడు ఓనరు, అంటే ఉద్యోగి కాదు కాబట్టి పరిహారం రాదని. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లలో జీతం స్లిప్పు ఎవరి దగ్గరుంటుంది? ఫోన్‌పేలో వేసిన అడ్వాన్సులు, తోటి కలాసీ (బోటు పనివాడు) సాక్ష్యం మమ్మల్ని నిలబెట్టాయి.

లెక్క చూడండి. నెల సంపాదన ఎంతున్నా అప్పట్లో 15,000 వరకే లెక్క. అందులో 60 శాతాన్ని, 35 ఏళ్ల వయసుకు చట్టం పట్టికలో ఉన్న 197.06తో గుణించి, రెండు వేళ్లు పోయినందుకు అందులో 20 శాతం కడితే 3,54,708 రూపాయలు. పైన 12 శాతం వడ్డీ, ఆసుపత్రి ఖర్చులు. బిల్లులు దాచింది మా అక్క, బావైతే ఎప్పుడో పడేసేవాడు. ముందిచ్చిన నలభై వేలు తీసేశారు.

అప్పీలుకు వెళ్తానన్న ఓనరు, ముందు మొత్తం డిపాజిట్ చేయాలని తెలిసి ఆగిపోయాడు. డబ్బు పోయిన నెల వచ్చింది. బావ ఇప్పుడు హార్బర్‌లోనే ఐసు లెక్కలు రాస్తున్నాడు, ఎడమ చేత్తో.