జనరల్ బాడీకి రాని ఓనర్లకు 500 జరిమానా వేద్దామనుకుంటున్నా, తప్పా?

సెల్లార్_సెక్రటరీ:
మాది మియాపూర్ వైపు 48 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. రెండేళ్లుగా సెక్రటరీని, అంటే ఎవరూ ముందుకు రాకపోతే నా మెడకు చుట్టుకుందన్నమాట. మొన్న ఆదివారం పదింటికి సెల్లార్‌లో జనరల్ బాడీ పెట్టాం. కార్లు బయటికి తీయించి, 60 కుర్చీలు అద్దెకు తెచ్చి, సమోసాలు చెప్పి కూర్చున్నాం. పదకొండున్నరకి లెక్కపెడితే 11 మంది, అందులో ఐదుగురం కమిటీవాళ్లమే. మా బైలాస్ (అసోసియేషన్ నియమాలు) ప్రకారం కోరానికి, అంటే మీటింగ్ చెల్లడానికి, కనీసం 16 మంది కావాలి. లిఫ్ట్ మార్చే విషయం మూడోసారి వాయిదా పడింది. అదే సాయంత్రం కరెంటు పోయి లిఫ్ట్ రెండో అంతస్తు దగ్గర ఆగితే వాట్సాప్ గ్రూప్‌లో 140 మెసేజీలు, కమిటీ నిద్రపోతోందా అని. పొద్దున రాని వాళ్లే అందరూ.

అందుకే కారణం చెప్పకుండా రాకపోతే మెయింటెనెన్స్ బిల్లులో 500 కలపాలని బైలాస్‌లో పెడదామనుకుంటున్నా. మీరేమంటారు? తిట్టినా పర్లేదు, అలవాటైపోయింది.

బీరంగూడ_బాబాయ్:
చిన్న డౌటు. ఆ రూలు పాస్ కావాలంటే జనరల్ బాడీ కావాలి, దానికి కోరం కావాలి. అంటే రానివాళ్లకు జరిమానా వేయడానికి ముందు ఆ రానివాళ్లే రావాలి కదయ్యా!

మూడో_అంతస్తు:
మీటింగులకు వెళ్లని బాపతు నేను (వేరే అపార్ట్‌మెంట్‌లో లెండి), మా వైపు కూడా వినండి. కొత్తగా దిగినప్పుడు మూడు మీటింగులకు వెళ్లా. మొదటిదాంట్లో ఇద్దరు పార్కింగ్ గీత కోసం రెండు గంటలు కొట్టుకున్నారు, మిగతావాళ్లం ఫోన్లు చూసుకున్నాం. రెండోదాంట్లో ఏడాది ఖర్చంతా ఒక్క కాగితం మీద రాసుకొచ్చి మూడు నిమిషాల్లో చదివేశారు. మూడోదాంట్లో నేను లేచి, జనరేటర్ డీజిల్ వేసవిలో కంటే చలికాలంలో ఎక్కువ ఎందుకైందని అడిగా, అంతే. ట్రెజరర్‌గారు “అంటే మేం తిన్నామంటారా?” అని కుర్చీ వెనక్కి తోసి లేచారు. ఆ తర్వాత నేను లేవడమే కాదు, వెళ్లడమే మానేశా. మీరు 500 వేస్తే హాయిగా కట్టేసి ఇంట్లో పడుకుంటా, కట్టాను కదా ఇంక నన్నేమీ అనకండి అని కూడా అంటా. ఇప్పుడైతే కనీసం కొంచెం సిగ్గుగా ఉంటోంది.

పొదుపు_పుస్తకం:
జరిమానా పనిచేయదని అనుకోకండి. మా అమ్మ ఖమ్మం పక్క ఊళ్లో పొదుపు సంఘంలో ఇరవై ఏళ్లకు పైగా ఉంది. అక్కడ మీటింగ్‌కు రాకపోతే 10, ఆలస్యంగా వస్తే 5. నేను చిన్నప్పుడు అమ్మ పక్కన కూర్చుని పుస్తకం చదివి వినిపించేదాన్ని, ఎందుకంటే పన్నెండు మందిలో చదువు వచ్చినవాళ్లు ఇద్దరే. చాప మీద గుండ్రంగా కూర్చునేవాళ్లు, మధ్యలో డబ్బాకు తాళం, తాళంచెవి ఒకరి దగ్గర, డబ్బా ఇంకొకరింట్లో. ఎవరు ఎంత తెచ్చారో పైకి లెక్కపెట్టి, ఎవరికి అప్పు ఎందుకిస్తున్నారో అందరి ముందే మాట్లాడుకునేవాళ్లు. కూతురి కాన్పుకని ఒకామె అడిగితే, గేదె కొంటానన్నామె తన వంతు వదులుకోవడం నేనే చూశా. సంఘాలకు పంచసూత్రాలని నేర్పిస్తారు కదా, క్రమం తప్పని సమావేశం, పొదుపు, లోపల అప్పులివ్వడం, అప్పు తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం. సమావేశం అందులో మొదటిదే. కానీ ఆ పది రూపాయలు అదే డబ్బాలో పడతాయి, మళ్లీ వాళ్లకే అప్పుగా వస్తాయి. పైగా రాకపోతే ఆ వారం అప్పు మాట ఎత్తే చాన్సుండదు. మీ 500 ఎక్కడికెళ్తుందో మూడో అంతస్తు ఆయనకి తెలుసా? డీజిల్‌లోకేమో!

ఇంకోటి, 48 ఇళ్లు ఒకేసారి కూర్చుంటే పది మందే మాట్లాడతారు. అంతస్తుకు ఎనిమిది ఇళ్లుంటే ముందు ఆ ఎనిమిది ఇళ్లనీ ఒకరి హాల్లో కూర్చోబెట్టండి సార్.

బైలాస్_చదివినోడు:
రూల్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి చెప్తున్నా. మన దగ్గర చాలా అసోసియేషన్లు 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, కొన్ని 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఉంటాయి, ముందు మీది ఏదో సర్టిఫికెట్ తీసి చూడండి. ఆ 1995 చట్టంలో నాకు నచ్చే విషయం ఒకటుంది. సభ్యుడు ఏడాదికి కనీసం ఎంత సేవ వాడుకోవాలి, ఎంత కట్టాలి, మీటింగులకు ఎంత రావాలి అన్నది బైలాస్‌లోనే రాసుకోవాలి, అది చేసినవాడికే ఓటు. అంటే రానివాడి జేబు జోలికి వెళ్లరు, ఓటు ఆపుతారు. 2001 చట్టం కింద ఉంటే మాత్రం జాగ్రత్త. సంఘం వ్యవహారాల మీద తగాదా వస్తే మధ్యవర్తిత్వానికో జిల్లా కోర్టుకో వెళ్లే దారి అందులో ఉంది. 500 కోసం ఎవరెళ్తారు అనుకోకండి, రిటైరైనవాళ్లు వెళ్తారు.

అద్దెకుంటా:
లిఫ్ట్‌లో ఇరుక్కునేది నేను, ఓటేసేది డాలస్‌లో ఉన్న మా ఓనరు. మీ 48లో ఎంతమంది ఓనర్లు అక్కడే ఉంటున్నారో చెప్పలేదు మీరు. మాకు ఓటు వద్దు, ఒక కుర్చీ వేసి మాట్లాడనివ్వండి చాలు.

డాలస్_ఓనర్:
మీ ఓనర్ని కాదు గానీ నేనూ డాలస్‌లోనే ఉన్నా. మీ ఆదివారం పొద్దున పది అంటే మాకు శనివారం రాత్రి, వేసవిలో పదకొండున్నర, చలికాలంలో పదిన్నర. అయినా కూర్చుంటా. వీడియో లింకు పంపండని మా కమిటీని మూడుసార్లు అడిగా, ప్రతిసారీ నమస్కారం బొమ్మ పెట్టి ఊరుకున్నారు. నాకూ జరిమానా వేస్తారా?

నాచారం_నీళ్లు:
2021 జనవరిలో జలమండలి ఇంటికి నెలకు 20 వేల లీటర్లు ఉచితమన్నప్పుడు గుర్తుందా? అపార్ట్‌మెంట్లలో ఒక్కో ఫ్లాట్ ఆధార్‌నీ క్యాన్ నంబరుకు (నీళ్ల కనెక్షన్ నంబరు) లింక్ చేయాల్సొచ్చింది, చేయకపోతే ఆ ఫ్లాట్‌కి ఫ్రీ లేదు. మా 32 ఫ్లాట్లకి నోటీసు పెడితే తొమ్మిది మందే చేశారు. అప్పుడు రెండో అంతస్తు మాస్టారు ఒకాయన లిఫ్ట్ పక్కన ఫ్లాట్ నంబర్ల చార్టు అంటించి, అయినవాటి పక్కన ఆకుపచ్చ స్కెచ్‌తో టిక్కు పెట్టుకుంటూ, సాయంత్రాలు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని ఇంటింటికీ వెళ్లారు. వెళ్లిన ప్రతిచోటా టీ ఇచ్చారు, దాంతోపాటు బోరు మోటారు గురించి, వాచ్‌మన్ జీతం గురించి ఎప్పుడూ మీటింగ్‌లో రాని మాటలన్నీ చెప్పారు. మూడు వారాల్లో 30 ఫ్లాట్లు అయ్యాయి. తర్వాత మాస్టారినే నీళ్ల పనికి పెట్టేశాం, కమిటీలో చేర్చకుండానే.

సెల్లార్_సెక్రటరీ:
అందరికీ థాంక్స్, కానీ ఒప్పుకోను. ఉచిత నీళ్లంటే తలుపు తీస్తారు సార్. ఫ్లాట్‌కు 35 వేలు తీయండి, లిఫ్ట్ మార్చాలి అంటే టీ ఇస్తారా?

మూడో_అంతస్తు:
35 వేలు అడిగే ముందు కొటేషన్లు తలుపు కింద నుంచి తోశారా? ఎన్ని తెచ్చారు?

సెల్లార్_సెక్రటరీ:
రెండు. మూడోది తెచ్చే మనిషి లేక ఆగింది. గ్రూప్‌లో పెట్టలేదు, పెడితే ఒక్కొక్కరూ ఒక్కో కంపెనీ పేరు చెప్తారని భయం.

పొదుపు_పుస్తకం:
చెప్పనివ్వండి. కంపెనీ పేరు చెప్పినాయనకే మూడో కొటేషన్ తెచ్చే పని అప్పజెప్పండి.

బీరంగూడ_బాబాయ్:
అప్పుడు పేర్లు చెప్పేవాళ్లు సగానికి తగ్గుతారు, గ్యారంటీ.

సెల్లార్_సెక్రటరీ:
సరే, ఒకటి ఒప్పుకుంటా. మూడో అంతస్తుగారు చెప్పిన ఆ ట్రెజరర్ లాగా నేనూ ఒకసారి కుర్చీ తోసి లేచాను, పోయినేడు, పెయింటింగ్ బిల్లు అడిగినావిడ మీద. ఆవిడ ఆ రోజు నుంచి మీటింగ్‌కి రాలేదని ఇది రాస్తుంటే గుర్తొచ్చింది. ఈ సాయంత్రం ఆ బిల్లు కాపీ తీసుకుని వాళ్లింటికి వెళ్తా, తలుపు తీస్తే.

జరిమానా ఆలోచన మానలేదు, ఇంకో మీటింగ్ చూసి చెప్తా. వచ్చే ఆదివారానికి ముందు అంతస్తుల వారీగా కూర్చోబెడతాం, అద్దెవాళ్లకూ కుర్చీలేస్తాం, లింకు కూడా పెడతాం. రాలేని ఓనరు వేరేవాళ్లకి ఓటు అప్పగించే ఫారం తెలుగులో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి, మా దగ్గరున్నది బిల్డర్ ఇచ్చిన ఇంగ్లీషుది, నాకే అర్థం కాలేదు.