మట్టిబొమ్మల సినిమాలు ఇంటిల్లిపాదికీ ఎందుకు నచ్చుతాయి? ఇంకేం చూడొచ్చు?

మారతహళ్లి_వాసి:

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇంట్లో మేమిద్దరం, ఆరేళ్ల పాప, నెల్లూరు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తయ్యగారు. సాయంత్రమైతే టీవీ దగ్గర పేచీ, పాప చూసేవన్నీ ఇంగ్లీషులోనో కన్నడంలోనో ఉంటాయి, అత్తయ్యకి ఆ రెండూ రావు, ఆవిడ సీరియళ్లేమో పాపకి అక్కర్లేదు. ఈ మధ్య ‘షాన్ ద షీప్’ అనే మట్టిబొమ్మల సీరియల్ పెడితే మాత్రం నలుగురం కదలకుండా కూర్చుంటున్నాం. గొర్రెల మంద, ఒక కుక్క, కళ్లజోడు పెట్టుకున్న రైతు, అంతే. మాటలే ఉండవు, ఆ రైతు కూడా ఏదో గొణుగుతాడు తప్ప ఏ భాషా కాదు. గొర్రెలు చేసిన గందరగోళమంతా వెనక పెట్టుకుని, రైతు బయటికి రాగానే కుక్క చేతిలో అట్ట పట్టుకుని ఏమీ ఎరగనట్టు నిలబడుతుంది చూడండీ, అక్కడ అత్తయ్య కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతారు. పాప కూడా సరిగ్గా అక్కడే నవ్వుతుంది!

నా సందేహం ఏంటంటే, కంప్యూటర్లో చేసిన యానిమేషన్ ఇంతకన్నా నున్నగా, తళతళలాడుతూ ఉంటుంది, అయినా అది పెడితే పది నిమిషాలకి పెద్దవాళ్లం ఫోన్లు తీసేస్తాం. ఇవేమో కాస్త వింతగా, ఆగి ఆగి కదులుతాయి. అయినా కళ్లు తిప్పుకోబుద్ధి కాదు. ఎందుకంటారు? ఇలాంటివి ఇంకేమున్నాయో కూడా చెప్పండి.

ఫ్రేమ్‌కి_ఫ్రేమ్:

నేను యానిమేషన్‌లోనే పనిచేస్తాను, ఇక్కడే ఇందిరానగర్‌లో. పగలంతా కంప్యూటర్ బొమ్మలే, ప్రాణం మాత్రం ఈ మట్టిబొమ్మల మీదే.

సినిమాకి సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 ఫోటోలు కదా. స్టాప్ మోషన్‌లో, అంటే బొమ్మని కొంచెం కొంచెంగా కదుపుతూ ఫోటోలు తీసి సినిమాగా కలిపే ఈ పద్ధతిలో, చాలాసార్లు ఒక్కో భంగిమని రెండేసి ఫ్రేములు ఉంచుతారు, అంటే సెకనుకి 12 సార్లు ఎవరో ఒకరు చెయ్యి పెట్టి బొమ్మని కొంచెం కదిపి, వెనక్కి తప్పుకుని, ఫోటో తియ్యాలి. బొమ్మ లోపల కీళ్లున్న లోహపు అస్థిపంజరం ఉంటుంది కాబట్టి పెట్టిన చోట నిలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు బొమ్మ కదలదు, అందుకని మామూలు వీడియోలో చెయ్యి ఊపితే కనపడే మసక ఇందులో రాదు. మీరు ‘ఆగి ఆగి’ అన్నది అదే. ఇక చేతి జాడలు. వాలెస్ అనే ఒకాయన, గ్రోమిట్ అనే ఆయన కుక్క ఉండే ‘వాలెస్ అండ్ గ్రోమిట్’ సినిమాల్లో మట్టి మీద వేలిముద్రలు కనపడతాయి, దగ్గరగా చూడండి. ‘ఫెంటాస్టిక్ మిస్టర్ ఫాక్స్’ (2009)లో నక్క ఊరికే నిలబడి ఉన్నా దాని బొచ్చు అటూ ఇటూ చెదురుతూ ఉంటుంది, ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య బొమ్మని పట్టుకున్న వేళ్ల వల్ల. దీన్నెవరో కూర్చుని చేశారు అని మనకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది, నాకు తెలిసి మనం కళ్లు తిప్పుకోలేకపోవడానికి సగం కారణం అదే.

మిగతా సగం నటన. ఆ కుక్క గ్రోమిట్‌కి నోరే కనపడదు, ఒక్క మాటా ఉండదు. ఉన్నదల్లా కనుబొమల దగ్గర కాస్త మట్టి. అది కొంచెం పైకి లేస్తే అనుమానం, కిందకి వాలితే విసుగు. మీరు తప్పకుండా వాళ్లిద్దరి సినిమా ‘ది రాంగ్ ట్రౌజర్స్’ (1993) చూడండి, అరగంటే, ఆస్కార్ కూడా వచ్చింది. అందులో దొంగ ఒక పెంగ్విన్. ముఖంలో ఏ భావమూ ఉండదు, రెండు నల్ల చుక్కల్లాంటి కళ్లు, అంతే. నెత్తిన ఎర్ర రబ్బరు గ్లౌజు తగిలించుకుని కోడిపుంజు వేషం వేస్తాడు, నాకు భయం, నవ్వు రెండూ ఒకేసారి వస్తాయి. చివర్లో ఇంట్లోనే బొమ్మ రైలు మీద ఛేజింగ్, పట్టాలు అయిపోతుంటే గ్రోమిట్ రైలు ముందు భాగంలో కూర్చుని డబ్బాలోంచి పట్టాలు తీసి, పరుగెత్తే రైలు ముందు తనే వేసుకుంటూ పోతాడు! యాక్షన్ సీన్ తీయాలనుకునే ప్రతి డైరెక్టరూ చూడాల్సిన సీన్ అది.

బనశంకరి_అమ్మ:

చెప్పిందంతా బాగుంది కానీ ఒక జాగ్రత్త. మట్టిబొమ్మలు కదా అని అన్నీ పిల్లలవి అనుకోకండి. ‘మేరీ అండ్ మ్యాక్స్’ (2009) పూర్తిగా పెద్దవాళ్ల సినిమా. ఆస్ట్రేలియాలో ఒక చిన్నపిల్ల, న్యూయార్క్‌లో ఒంటరిగా ఉండే ఒక నడివయసు మనిషి, ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసుకుంటారు. నేను చూసిన అన్ని సినిమాల్లోకీ నాకు బాగా ఇష్టమైనవాటిలో అదొకటి, కానీ పాప నిద్రపోయాక చూడండి.

‘కోరలైన్’ (2009) సంగతి వేరు. పిల్లల సినిమానే కానీ అందులో ఇంకో అమ్మ ఉంటుంది, కళ్ల చోట గుండీలు కుట్టి ఉంటాయి. మా పెద్దది కళ్లార్పకుండా చూసింది, చిన్నాడు నా కొంగు వదల్లేదు. ఆరేళ్లకి వద్దంటాను, పదేళ్లు దాటితే తప్పకుండా చూపించమంటాను. పిల్లలకి భయం అస్సలు తగలకూడదు అనేవాళ్లతో నేను ఒప్పుకోను, అమ్మ పక్కన కూర్చుని ఉండగా కాస్త భయపడటం వాళ్లకి కావాలి. నాకు అల్లికలంటే పిచ్చి కాబట్టి ఇదీ చెప్పాలి, అందులో కోరలైన్ అనే అమ్మాయి బొమ్మ వేసుకున్న నక్షత్రాల స్వెటర్‌ని నిజంగానే దారంతో, తీగల్లాంటి సన్నటి సూదులతో అల్లారు. స్క్రీన్ మీద ఒక్కో కుట్టూ కనపడుతుంది.

ధర్మవరం_సీమ:

ఫ్రేమ్ గారూ, వేలిముద్రల మాట నేను పూర్తిగా ఒప్పుకోను. చూసేవాళ్లు ఎవరూ వేలిముద్రలు వెతుక్కోరు. బొమ్మ తాను బొమ్మనేనని దాచుకోదు, మిగతాది మనల్నే ఊహించుకోమంటుంది, అసలు పట్టు అక్కడుంది. మా ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది కదా, తోలుబొమ్మలకి పేరున్న ఊరు. తెర మీద హనుమంతుడు లంకకి నిప్పు పెడుతుంటే బొమ్మని ఆడించే కర్ర కూడా కనపడుతుంది, ఎవరికీ అడ్డం రాదు. మధ్యలో నవ్వించే పాత్రలు కేతిగాడు, బంగారక్క వచ్చి పెద్దవాళ్లకి మాత్రమే అర్థమయ్యే మాటలు నాలుగు విసిరి పోతారు, పిల్లలు వాళ్ల గంతులకే నవ్వుతారు. ఒకే ఆట, ఎవరికి కావలసింది వాళ్లకి! మీ గొర్రెల సీరియల్ చేస్తున్నదీ ఇదే.

మారతహళ్లి గారూ, మీ అత్తయ్యగారికి ‘ది అడ్వెంచర్స్ ఆఫ్ ప్రిన్స్ అహ్మద్’ చూపించండి. 1926 నాటిది, లోట్టే రైనిగర్ అనే జర్మన్ ఆవిడ చేశారు. నల్ల అట్టముక్కలు కత్తెరతో కత్తిరించి, కీళ్ల దగ్గర తీగలు కట్టి, కింద నుంచి దీపం వెలుగుతున్న అద్దం మీద పెట్టి ఒక్కో ఫ్రేమూ తీశారు. మూకీ సినిమా. ఎగిరే గుర్రం, మాంత్రికుడు, రాకుమారుడు. తోలుబొమ్మలాట చూసి పెరిగినవాళ్లకి కొత్తగా ఏమీ అనిపించదు, వెంటనే కథలోకి వెళ్లిపోతారు.

మారతహళ్లి_వాసి:

అందరికీ థాంక్స్ అండి. తోలుబొమ్మలాట మాట చెప్పగానే అత్తయ్య వాళ్ల ఊళ్లో చూసిన ఆట గురించి మొదలుపెట్టారు, పాప పక్కకి చేరింది, ఇంకా చెబుతూనే ఉన్నారు. రెండు ప్రశ్నలు. ‘రాంగ్ ట్రౌజర్స్’లో ఇంగ్లీషు మాటలుంటే ఆవిడకి ఇబ్బందా? ఇంకోటి, పాప తనూ ఇలాంటిది తీస్తానంటోంది, ఫోన్‌తో అవుతుందా?

ఫ్రేమ్‌కి_ఫ్రేమ్:

ధర్మవరం గారూ, వేలిముద్ర ఎవరూ వెతకరన్నది నిజమే, నేను అంటున్నది కంటికి పట్టకపోయినా మనసుకి తగులుతుందని. ఇది కలిసినప్పుడు కాఫీ తాగుతూ తేల్చుకుందాం.

మారతహళ్లి గారూ, అందులో వాలెస్ ఒక్కడే మాట్లాడతాడు. కుక్కా పెంగ్విన్ మాట్లాడవు, కథంతా వాళ్లిద్దరి మధ్యే, ఆవిడకి మాటలు అక్కర్లేదు.

ఫోన్‌తో బ్రహ్మాండంగా అవుతుంది, ‘స్టాప్ మోషన్ స్టూడియో’ యాప్ వేసుకోండి. మొదటే మట్టి వద్దు, బొమ్మ పడిపోతుంటే పాపకి విసుగొస్తుంది. చింతగింజలు తీసుకోండి, నేల మీద వరసగా పాకించొచ్చు, గుంపుగా చేర్చి పువ్వు చెయ్యొచ్చు. చన్నపట్న చెక్కబొమ్మలుంటే అవీ బాగుంటాయి. సెకనుకి 12 ఫోటోల లెక్కన పది సెకన్లకి 120 కావాలి కాబట్టి ఐదారు సెకన్లతో ఆపండి. కిటికీ వెలుతుర్లో మాత్రం తియ్యకండి, బెంగళూరు మబ్బుల సంగతి తెలుసుగా, ఒక ఫోటో వెలుగు, ఒక ఫోటో చీకటి వచ్చి వీడియో అంతా మిణుకు మిణుకుమంటుంది. కర్టెన్ వేసి ఒక టేబుల్ లైటు పెట్టండి, యాప్‌లో ఎక్స్‌పోజర్, అంటే ఫోటోకి పడే వెలుతురు, మారకుండా లాక్ చెయ్యండి. ఫోన్‌ని స్టాండుకి గట్టిగా బిగించి, ఫోటో కొట్టే బటన్ మీరు చూసుకోండి, గింజలు జరిపే పని మాత్రం పాపకే వదిలెయ్యండి.