టెక్సాస్‌లో ట్రాఫిక్ స్టాప్: లైసెన్స్ ఉన్నా తుపాకీ తీసేసుకోవచ్చా?

డల్లాస్ దగ్గర ఉంటాను. సిటిజన్‌షిప్ వచ్చాక హ్యాండ్‌గన్ లైసెన్స్ తీసుకున్నాను. మొన్న రాత్రి టెయిల్‌లైట్ వెలగట్లేదని ఒక పోలీసాయన కారు ఆపారు. డ్రైవింగ్ లైసెన్స్‌తో పాటు ఆ కార్డు కూడా ఇచ్చి, నడుముకు తుపాకీ ఉందని చెప్పాను. కిందికి దిగమని, ఆయనే దాన్ని తీసేసుకున్నారు. పక్క సీట్లో మా అమ్మకి ఒకటే వణుకు. చివరికి తూటాలు తీసేసి, తుపాకీ డిక్కీలో పెట్టి, ఆయన వెళ్లాకే ముట్టుకోమన్నారు.

టెక్సాస్ గవర్నమెంట్ కోడ్ 411.207 చదివాను. ఎవరి రక్షణకైనా అవసరమని సహేతుకంగా నమ్మితే తీసుకోవచ్చు. ప్రమాదం గానీ నేరం గానీ లేకపోతే, మనల్ని పంపేముందే తిరిగివ్వాలి. మరి లైసెన్స్ చూపించడమే ఆ నమ్మకానికి సరిపోతుందా? డిక్కీలో పెట్టినా తిరిగిచ్చినట్టేనా? రోడ్డు మీద వాదించే ఉద్దేశం నాకు లేదు, అది ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ఇలాంటిది ఎదురై ఫిర్యాదు చేసినవాళ్లుంటే చెప్పండి. బాడీ కెమెరా వీడియో ఎలా అడగాలి?